నడిపి చూపి అమ్మిన మనిషి – వాల్టర్ బీచ్

మన స్వర్ణోత్సవ సంచికకు ఒక జీవిత చరిత్ర రాయమన్నప్పుడు నేను ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించో, బుడ్డా వెంగళరెడ్డి గురించో రాస్తానని సంపాదక మిత్రులు అనుకుని ఉంటారు. ఆ ఇద్దరి గురించి నాకంటే బాగా రాయగల గురువులు, మిత్రులు మన బడికి ఉన్నారు. నేను ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా యంత్రాల మధ్య ఉన్నవాణ్ణి, అందులో సగం కాలం వాటిని తయారుచేసే చోట, సగం కాలం అమ్మే చోట. అందుకని తయారీకీ అమ్మకానికీ మధ్య గోడ లేకుండా బతికిన ఒక మనిషి కథ చెబుతాను. ఆయన పేరు వాల్టర్ బీచ్. చిన్న విమానాలు నడిపాడు, చేయించాడు, అమ్మాడు. 1950లోనే పోయాడు.

కోయిలకుంట్లకూ విమానాలకూ ఏం సంబంధం అని అడగకండి. 1847 ఫిబ్రవరి 22న మన ఊళ్లో ఉరికంబం ఎక్కిన నరసింహారెడ్డి పేరే 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టారు. ఆ మధ్య కరువు ఏళ్లలో మేఘమథనమని మన సీమ మబ్బుల్లో తిరిగినవి చిన్న విమానాలే. సెస్నా అనే పేరు మాత్రం చాలామంది తెలుగువాళ్లకు ఒక చేదు జ్ఞాపకంగా తెలుసు. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌కు ఎన్నికల ప్రచారానికి బయల్దేరి, ఎగిరిన కాసేపటికే ప్రాణం పోగొట్టుకున్నది ఒక సెస్నా విమానంలో. ఆ సెస్నా అన్నది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు రైతు ఒకాయన ఇంటిపేరు. ఆ రైతూ, మన బీచూ ఒకప్పుడు ఒకే షెడ్డులో భాగస్థులు.

బీచ్ 1891 జనవరి 30న టెన్నెసీ రాష్ట్రంలోని పులాస్కీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రైట్ సోదరులు ఎగిరిన 1903 చివరికి అతనికి ఇంకా పదమూడేళ్లు నిండలేదు. పద్నాలుగో ఏట ఇంట్లో అమ్మ దుప్పట్లు తీసి గ్లైడర్ కట్టాడనీ, అది ఎగరలేదనీ చెప్పుకుంటారు. దుప్పట్లు పోయినందుకు ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు గానీ మనం ఊహించుకోవచ్చు. 1914లో ఒక స్నేహితుడితో కలిసి దెబ్బతిన్న కర్టిస్ విమానం ఒకటి సంపాదించి, బాగుచేసుకుని, దాని మీదే మొదటిసారి ఒంటరిగా ఎగిరాడు. ముందు రిపేరు, తర్వాత ఎగరడం. ఈ వరుస ఆయన జీవితాంతం మారలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో సైన్యంలో చేరాడు. టెక్సాస్‌లోని కెల్లీ ఫీల్డ్‌లో కొత్తవాళ్లకు విమానం నేర్పడం, ఇంజన్లు చూసుకోవడం అతని పని. యుద్ధం అయిపోయింది. సైన్యానికి అక్కర్లేని విమానాలు కొన్ని వందల డాలర్లకే అమ్మకానికి వచ్చాయి. పని లేని పైలట్లు వాటిని కొనుక్కుని ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. మన తిరునాళ్లలో రంగులరాట్నం వాళ్లు, బావిలో మోటారు సైకిలు తిప్పేవాళ్లు వచ్చినట్టే వీళ్లూ వచ్చేవాళ్లు. ఊరి బయట చేలో దిగేవాళ్లు. గాల్లో పల్టీలు కొట్టి జనాన్ని పోగుచేసి, మనిషికింత అని తీసుకుని పదినిమిషాలు తిప్పి తెచ్చేవాళ్లు. రాత్రి ఆ రెక్కల కిందే పడుకునేవాళ్లు. బీచ్ కూడా కొంతకాలం అదే బతుకు బతికాడు.

ఆ తిరుగుడు వృథా పోలేదు. విమానం కొనగల మనిషి ఎలా ఉంటాడు, దేనికి భయపడతాడు, ఏం చూస్తే జేబులో చెయ్యి పెడతాడు అన్నది ఏ కాలేజీలోనూ నేర్పరు. చేలో నిలబడి, భయపడే మనిషిని ఒప్పించి సీట్లో కూర్చోబెట్టి, మళ్లీ క్షేమంగా నేలకు దించితే తెలుస్తుంది.

1921లో బీచ్ కాన్సాస్‌లోని విచిటా నగరానికి వచ్చాడు. విమానాల పరిశ్రమ ఆ ఊళ్లోనే ఎందుకు పుట్టిందంటే, నేల మన నల్లరేగడి చేల లాగా చదును. కొండ లేదు, గుట్ట లేదు, ఎక్కడ దించినా దిగుతుంది. గాలికి కొదవ లేదు. పైగా పక్కనే ఎల్ డొరాడోలో నూనె బావులు పడ్డాయి, ఊళ్లో డబ్బు తిరుగుతోంది. జేక్ మోలెండిక్ అనే నూనె వ్యాపారి డబ్బు పెడితే, మాటీ లైర్డ్ అనే యువకుడు స్వాలో అనే విమానం తయారుచేశాడు. యుద్ధం మిగుల్చిన పాత సరుకు కాకుండా, మామూలు జనానికి అమ్మడం కోసం అమెరికాలో తయారైన మొదటి విమానాల్లో అదొకటి. బీచ్ ఆ కంపెనీలో చేరి దాన్ని నడిపి చూపడం, అమ్మడం పనిగా పెట్టుకున్నాడు. విమానం తీసుకుని పోటీలకు వెళ్లేవాడు. గెలిస్తే అక్కడికక్కడే కొనేవాళ్లు దొరికేవాళ్లు. లైర్డ్ వెళ్లిపోయాక లాయిడ్ స్టియర్మన్ అనే కుర్ర డిజైనరు విమానాన్ని మెరుగుపరిచాడు. మూడేళ్లలో బీచ్ కంపెనీ పెద్దల్లో ఒకడయ్యాడు.

అక్కడ తగాదా వచ్చింది. విమానం నడుము భాగం, అంటే మనుషులు కూర్చునే పెట్టె, అప్పటిదాకా చెక్కతో చేసేవాళ్లు. దాన్ని ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసి కడదామని బీచ్, స్టియర్మన్ అన్నారు. ఉక్కు గొట్టం చెక్కలా చీలదు, తేమకు ఉబ్బదు. దెబ్బ తగిలితే వంగుతుంది గానీ లోపలి మనిషి ఒంట్లోకి పేళ్లు దిగవు. చెక్కతోనే బాగా అమ్ముడుపోతుంటే ఎందుకు మార్చాలని మోలెండిక్ ఒప్పుకోలేదు. ఇద్దరూ 1924 చివర్లో బయటికి వచ్చేశారు.

ఒక సేల్స్ మనిషి, బాగా అమ్ముడుపోతున్న సరుకును వదిలి, దాని కట్టుబడి నచ్చక బయటికి రావడం నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. సరుకు ఎలాంటిదైనా టార్గెట్ పూర్తయితే చాలనుకునేవాళ్లనే ఎక్కువ చూశాను. బీచ్‌ది వేరే లెక్క. ఆ చెక్క పెట్టెలో రోజూ కూర్చునేవాడు తనే మరి.

1925 మొదట్లో బీచ్, స్టియర్మన్, క్లైడ్ సెస్నా కలిసి ట్రావెల్ ఎయిర్ అనే కంపెనీ పెట్టారు. సెస్నా వ్యవసాయం చేసుకుంటూ, సొంతంగా విమానాలు కట్టుకుని ఎగిరిన మొండి మనిషి. కలప కోసే మిల్లు వెనుక భాగంలో అద్దెకు తీసుకున్న చోటే వాళ్ల ఫ్యాక్టరీ. తర్వాతి కాలంలో ఈ ముగ్గురి పేర్లతో మూడు వేర్వేరు విమాన కంపెనీలు వచ్చాయి. ఆ కలప మిల్లు దొడ్లో ఎంత సత్తా పోగుపడిందో చూడండి. ముగ్గురు మొండివాళ్లు ఒక చోట ఎక్కువ కాలం ఇమడరు. 1926లో స్టియర్మన్ కాలిఫోర్నియా వెళ్లాడు. ఊతకర్రలు లేని ఒంటిరెక్క విమానమే చేయాలని సెస్నా పట్టుబట్టి 1927లో విడిపోయాడు. బీచ్ మిగిలాడు.

ఆ మొదటి ఏడాదే కంపెనీలో చేరిన మరో మనిషి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ముఖ్యంగా మన గురువులకు. ఆలివ్ ఆన్ మెల్లర్ అనే 21 ఏళ్ల అమ్మాయి లెక్కలు, ఉత్తరాలు చూడటానికి వచ్చింది. హైస్కూలుకు పోలేదు. వ్యాపార పాఠశాలలో టైపు, లెక్కలు నేర్చుకుంది. ఏడేళ్లకే ఆమె పేరున బ్యాంకు ఖాతా ఉండేదట. పదకొండేళ్లకు ఇంటి బిల్లులు కట్టే పని తల్లి ఆమెకే అప్పగించిందట. ట్రావెల్ ఎయిర్‌లో అప్పటికి ఉన్నది పన్నెండు మంది. వాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే, విమానం నడపడం రానిదీ ఆమె ఒక్కతే. కొనేవాళ్ల ఉత్తరాల్లో రెక్క పక్కటెముకలనీ, తోక పలకలనీ ఏవేవో పేర్లు ఉండేవి. తెలియదంటే మగవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె గొడవ పడలేదు. ప్రధాన ఇంజనీరు దగ్గరికి వెళ్లి విమానం బొమ్మ ఒకటి గీసి, ప్రతి భాగానికీ పేరు రాసిమ్మంది. దాన్ని చూసి నేర్చుకుంది. ఆ తర్వాత ఆమెను తప్పించుకుని ఒక బోల్టు కూడా ఫ్యాక్టరీ నుంచి బయటికి పోలేదు. మన సైన్సు గదిలో కప్ప బొమ్మ, పువ్వు బొమ్మ గీయించి భాగాలు గుర్తించమనేవాళ్లే, ఆ పద్ధతే ఇది. విసుగ్గా అనిపించేది మనకు.

బీచ్ అమ్మకం పద్ధతి 1926లో బాగా కనిపిస్తుంది. కార్ల ఫోర్డ్ పేరుతో ఆ రోజుల్లో విమానాల యాత్ర ఒకటి జరిగేది. అది వేగం పోటీ కాదు, నమ్మకానికి పరీక్ష. ఊరి నుంచి ఊరికి, వానైనా మంచైనా, చెప్పిన వేళకు చెడిపోకుండా చేరాలి. పక్కన దారి చూసే మనిషిగా బ్రైస్ గోల్డ్స్‌బరో కూర్చోగా, ఆ ఏటి పోటీ బీచ్ తనే నడిపి గెలిచాడు. ఆ విమానంలో అప్పటికి అరుదైన పనిముట్లు బిగించారు. నేల కనిపించకపోయినా విమానం నిటారుగా ఉందా, పక్కకు ఒరిగిందా అన్నది చూపించే పనిముట్లవి. మబ్బులో పడితే మనిషి చెవి, కన్ను మోసం చేస్తాయి. ముళ్లు చెయ్యవు. ఈ సంగతి జనానికి ఉపన్యాసంలో చెప్పి ఉంటే ఎవరూ వినేవాళ్లు కాదు. యాత్ర గెలిచి చూపించాడు.

మరుసటి ఏడాది ఈ వ్యాపారంలో ఇంకో ముఖం బయటపడింది. 1927లో, హవాయిలో అనాసపండ్ల వ్యాపారి డోల్ అనే ఆయన, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నుంచి హవాయికి పసిఫిక్ సముద్రం మీదుగా మొదట ఎగిరి చేరినవారికి 25,000 డాలర్లు ఇస్తానన్నాడు. దాదాపు 2,400 మైళ్లు. కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. పందెం గెలిచింది బీచ్ కంపెనీ చేసిన వూలరాక్ అనే విమానం. ఆర్ట్ గోబెల్ నడిపాడు, 26 గంటలకు పైగా పట్టింది. ఎనిమిది విమానాలు బయల్దేరితే రెండే చేరాయి. రెండు సముద్రంలో మాయమయ్యాయి. వాటిలో ఒకదాంట్లో మిల్డ్రెడ్ డోరన్ అనే 22 ఏళ్ల బడిపంతులమ్మ ప్రయాణికురాలిగా వెళ్లింది. ఆమె మళ్లీ తన బడికి రాలేదు. వాళ్లను వెతకడానికి పోయిన ఇంకో విమానమూ తిరిగి రాలేదు. అది మోలెండిక్ స్వాలో కంపెనీది. ఆ దెబ్బతో ఆ కంపెనీ దివాలా తీసింది. పందేనికి ముందు సన్నాహాల్లో పోయినవాళ్లతో కలిపి పదిమంది ప్రాణాలు పోయాయి.

బీచ్ కంపెనీకి మాత్రం ఆ గెలుపుతో పేరు మోగిపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. గెలిచిన విమానానికి ఇంజన్ మంచిది, దారి చూపే మనిషి సమర్థుడు, ముందు సిద్ధపడ్డారు, నిజమే. కానీ ఇలాంటి పందేల మీద పేరు తెచ్చుకున్న వ్యాపారంలో చావులు కూడా ప్రకటనలో భాగమే అవుతాయి. దాన్ని దాచిపెట్టి బీచ్‌ను దేవుణ్ణి చేస్తే మన పిల్లలకు సగం కథే చెప్పినట్టు.

1929 నాటికి ట్రావెల్ ఎయిర్ వెయ్యికి పైగా విమానాలు చేసింది. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ పోటీల్లో వాళ్ల మిస్టరీ షిప్ అనే ఒంటిరెక్క విమానం సైన్యం విమానాలను వెనక్కి నెట్టి గెలిచింది. అంతలో కర్టిస్-రైట్ అనే పెద్ద సంస్థ ట్రావెల్ ఎయిర్‌ను కలుపుకుంది. బీచ్‌కు పెద్ద హోదా, న్యూయార్క్‌లో ఆఫీసు వచ్చాయి. 1930 ఫిబ్రవరిలో ఆలివ్ ఆన్‌ను పెళ్లి చేసుకున్నాడు. కానీ 1929 అక్టోబరులోనే షేర్ మార్కెట్ కుప్పకూలింది. విమానాలు కొనేవాడు లేడు. విచిటాలోని ట్రావెల్ ఎయిర్ ఫ్యాక్టరీకి తాళం పడింది. బల్ల ముందు కూర్చుని, తాను ముట్టని సరుకు గురించి కాగితాలు చూసే పని బీచ్‌కు సరిపడలేదు. జీతం బాగుంది, ఊపిరాడలేదు. 1932 ఏప్రిల్‌లో ఉద్యోగం వదిలి భార్యాభర్తలిద్దరూ విచిటాకు తిరిగొచ్చి బీచ్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు.

ఎక్కడ పెట్టారో తెలుసా? మాంద్యంలో మూతపడిన క్లైడ్ సెస్నా ఫ్యాక్టరీలో ఒక మూల అద్దెకు తీసుకుని.

ఇక్కడ మన వైపు ఒకసారి తిరిగి చూద్దాం. అదే 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులతో చిన్న పుస్ మాత్ విమానం నడిపాడు. అక్కడి నుంచి ఆ ఉత్తరాలను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చింది నెవిల్ వింట్సెంట్ అనే పైలట్. ఇతను కూడా బీచ్ లాగే అంతకుముందు పాత సైనిక విమానంతో మన దేశమంతా తిరిగి జనాన్ని ఎక్కించుకుని గాల్లో తిప్పినవాడే. బళ్లారికీ మద్రాసుకూ మధ్య గీత గీసి చూడండి, మన సీమ మీదుగానే పోతుంది. ఆ రోజు చేలో కలుపు తీస్తూ తలెత్తి చూసినవాళ్లలో మన అవ్వాతాతలు ఎవరైనా ఉండే ఉంటారు.

విచిటాలో బీచ్, డిజైనరు టెడ్ వెల్స్ కలిసి తలపెట్టిన విమానం మాంద్యానికి పూర్తిగా ఎదురు. చౌక విమానం చేసినా కొనేవాడు లేని రోజుల్లో, అయిదుగురు హాయిగా కూర్చుని గంటకు 200 మైళ్లు పోగల ఖరీదైన విమానం చేస్తామన్నారు. ధర 14,000 డాలర్లకు పైమాటే. 1932 నవంబరు 4న అది మొదటిసారి ఎగిరింది. దానికి రెండు జతల రెక్కలు. మామూలుగా అలాంటి విమానాల్లో పై రెక్క ముందుకు ఉంటుంది. వీళ్లు దాన్ని కింది రెక్క కంటే వెనక్కి జరిపారు. అందుకే దానికి స్టాగర్‌వింగ్ అని పేరు పడింది. పైలట్‌కు ముందూ పైనా బాగా కనిపిస్తుంది. వేగం మరీ తగ్గినప్పుడు ముందున్న కింది రెక్క మొదట పట్టు వదులుతుంది, ముక్కు దానంతట అదే కిందికి వంగి మళ్లీ వేగం అందుకుంటుంది. అందం కోసం చేసినట్టు కనిపిస్తుంది గానీ అది పైలట్ కోసం చేసిన ఏర్పాటు.

మొదట్లో అమ్మకాలు దాదాపు లేవు. ఇంకొకరైతే ధర తగ్గించి పేరు చెడగొట్టుకునేవాళ్లు. వీళ్లు 1934లో చిన్న ఇంజను పెట్టి, చక్రాలు పొట్టలోకి ముడుచుకునేలా చేసి, ఖర్చు తగ్గించి, వేగం మాత్రం పెద్దగా తగ్గకుండా ఇంకో రకం తెచ్చారు. అప్పుడు కదిలింది వ్యాపారం. అదే ఏడు తమ పాత ట్రావెల్ ఎయిర్ ఫ్యాక్టరీలోకే మారారు. 1936లో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్ వరకు జరిగే బెండిక్స్ పోటీకి ఒక స్టాగర్‌వింగ్‌ను లూయిస్ థేడన్, బ్లాంష్ నోయిస్ అనే ఇద్దరు ఆడవాళ్ల చేతికిచ్చారు. పోటీ కోసం ప్రత్యేకంగా చేసిన విమానం కాదది, షాపులో అమ్మే రకమే. 14 గంటల 55 నిమిషాల్లో చేరి, మగవాళ్లందరి కంటే ముందు నిలిచారు. ముందుగా చేరిన ఆడవాళ్లకు ఓదార్పుగా 2,500 డాలర్లు విడిగా పెట్టి ఉంచారట నిర్వాహకులు. మొదటి బహుమతి, ఓదార్పు బహుమతి రెండూ వాళ్లకే ఇవ్వాల్సి వచ్చింది. మామూలు విమానాన్ని మామూలు మనిషి నడిపి గెలవొచ్చు అన్నది కొనేవాడి మెదడుకు ఇంతకంటే బాగా ఎక్కించలేం.

1937 జనవరిలో రెండు ఇంజన్ల మోడల్ 18 ఎగిరింది. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని చేస్తూనే ఉన్నారు, 9,000 దాటాయి.

1940లో దెబ్బ మీద దెబ్బ. బీచ్‌కు మెదడువాపు వచ్చింది. దాదాపు నెల రోజులు స్పృహ లేదు, ఏడాది దాకా మంచం దిగలేదు. అదే ఆసుపత్రిలో ఆలివ్ ఆన్ రెండో బిడ్డను ప్రసవించింది. యూరప్‌లో యుద్ధం రాజుకుంది, సైన్యం ఆర్డర్లు కట్టలుగా వస్తున్నాయి. బీచ్ తిరిగి లేవడనుకుని కంపెనీలోని కొందరు పెద్ద అధికారులు పెత్తనం తమ చేతిలోకి తీసుకోబోయారు. ఆమె పురిటి మంచం మీదే టెలిఫోన్ పెట్టించుకుని కంపెనీ నడిపింది. ఇంటికొచ్చాక ఆ అధికారులను, డజనుకు పైగా మందిని, ఇంటికి పంపింది. బొమ్మ గీయించుకుని భాగాలు నేర్చుకున్న అమ్మాయే ఈమె.

యుద్ధకాలంలో బీచ్ ఫ్యాక్టరీ 7,400 విమానాలు సైన్యానికి ఇచ్చింది. అమెరికా సైన్యంలో బాంబులు గురిపెట్టేవాళ్లు, దారి చూసేవాళ్లు నూటికి తొంభై మంది వీళ్ల విమానాల్లోనే నేర్చుకున్నారని లెక్క. అల్యూమినియం కొరత వస్తే ప్లైవుడ్‌తో ఒక శిక్షణ విమానమే చేశారు. ఒకప్పుడు చెక్క వద్దని కంపెనీ వదిలొచ్చిన మనిషి కంపెనీ! కాలం అడిగినప్పుడు మళ్లీ చెక్క పట్టింది.

యుద్ధం అయ్యాక అందరికీ ఒకటే ఆశ. సైన్యంలో ఎగరడం నేర్చుకున్న లక్షల మంది ఇంటికొచ్చి కారు కొన్నట్టు విమానం కొంటారని. 1946లో అమెరికా కంపెనీలన్నీ కలిపి ముప్పై వేలకు పైగా చిన్న విమానాలు చేసిపడేశాయి. 1949కి అది నాలుగు వేలు కూడా దాటలేదు. మన దగ్గర ఒక ఏడు శనగకు ధర వస్తే మరుసటి ఏడు ఊరంతా శనగే వేసి గిడ్డంగుల ముందు బండ్లు వరుస కట్టినట్టు. ఎన్నో కంపెనీలు మునిగాయి. బీచ్ నిలబడటానికి కారణం బొనాంజా. 1945 డిసెంబరు 22న మొదట ఎగిరి, 1947లో అమ్మకానికి వచ్చింది. మొత్తం లోహపు ఒళ్లు, నాలుగు సీట్లు, ముడుచుకునే చక్రాలు, తోక మూడు పలకలకు బదులు ఇంగ్లీషు వీ అక్షరంలా రెండే పలకలు. ధర 8,000 డాలర్ల లోపు. చేతికి రాకముందే ఆర్డర్లు వందల్లో వచ్చాయి. మొదటి రకమే 1,500 చేశారు.

దాన్ని లోకానికి చూపించిన తీరు పాత పద్ధతే. 1949 మార్చిలో బిల్ ఓడమ్ అనే పైలట్ బొనాంజా మీద హవాయి నుంచి అమెరికా తూర్పు తీరం దగ్గరి టీటర్‌బరో దాకా, దాదాపు 5,000 మైళ్లు, ఎక్కడా దిగకుండా 36 గంటల్లో వచ్చాడు. 1927లో ఏడుగురిని మింగిన ఆ సముద్రాన్ని ఇరవై రెండేళ్ల తర్వాత షాపులో దొరికే ఒక్క ఇంజను విమానం దాటి, దేశమంతా కూడా దాటేసింది. అదే ఓడమ్ ఆ సెప్టెంబరులో క్లీవ్‌లాండ్ పోటీలో వేరే కంపెనీ యుద్ధవిమానం నడుపుతూ ఒక ఇంటి మీద కూలిపోయాడు. అతనితో పాటు ఆ ఇంట్లోని తల్లీ బిడ్డా చనిపోయారు.

బొనాంజా గురించి ఇంజనీరుగా ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. అది నున్నగా, వేగంగా పోయే విమానం. గాలిని తక్కువగా నిలువరిస్తుంది కాబట్టి, ముక్కు కాస్త కిందికి దిగిందంటే క్షణాల్లో వేగం హద్దు దాటుతుంది. మబ్బులో దారితప్పిన, అనుభవం చాలని పైలట్ కంగారుగా కర్ర లాగితే తోకకు, రెక్కలకు భారం మించిపోతుంది. డబ్బున్న డాక్టర్లు, వ్యాపారులు కొనుక్కుని, అరకొర శిక్షణతో ఎగిరి చనిపోయిన ఘటనలు ఎన్నో జరిగి, డాక్టర్లను చంపే విమానమని దానికి చెడ్డపేరు వచ్చింది. 1959లో బడ్డీ హాలీ అనే కుర్ర గాయకుడు మంచు రాత్రి చనిపోయింది బొనాంజాలోనే. పనిముట్లను చూసి నడపడంలో ఆ పైలట్‌కు సరైన శిక్షణ లేదని విచారణలో తేలింది. బీచ్ 1926లో యాత్ర గెలిచి చూపించిన పాఠం అదే కదా! వీ తోకను గట్టిపరచాలని ప్రభుత్వం ఆదేశించేసరికి 1987 వచ్చింది, అప్పటికే ఆ రకం తయారీ ఆపేసి అయిదేళ్లు. తోక తప్పా, పైలట్ తప్పా అన్న వాదం పాత పైలట్ల మధ్య ఎన్నో ఏళ్లు నడిచింది. నా లెక్కలో రెండూ. విమానాన్ని అంత తేలిగ్గా కొనగలిగేలా చేసినవాళ్లు, నడపడం అంత తేలిక కాదని కూడా అంతే గట్టిగా చెప్పి ఉండాల్సింది. బీచ్ చేతుల్లో అది ఏ ఇబ్బందీ పెట్టలేదు. కానీ కొన్న ప్రతి మనిషికీ బీచ్ చేతులు ఉండవు.

ఇది విమానాల మాటే కాదు. మన దగ్గర పత్తి విత్తనం ప్యాకెట్ అమ్మేవాడు తన చేలో ఒక సాలు కూడా వేసి చూడడు. మొలక రాకపోతే ఉరి పడేది రైతు మెడకు. బీచ్‌ను నేను గౌరవించేది ఇక్కడే. అమ్మే సరుకులో ముందు తన ప్రాణం పెట్టి చూసుకున్నాడు. అయినా బొనాంజా కథ చూస్తే అది కూడా చాలదని తెలుస్తుంది.

చివరి రోజుల్లో కూడా ఊరుకోలేదు. ఎవరూ అడగకుండానే, సొంత ఖర్చుతో మెంటార్ అనే సైనిక శిక్షణ విమానం చేయించాడు. 1948 డిసెంబరులో ఎగిరింది. ప్రభుత్వం వెంటనే కొనలేదు. తర్వాత వందల్లో కొన్నది గానీ ఆయన చూడలేదు. 1950 నవంబరు 29న గుండె ఆగి పోయాడు. అప్పటికి 59 ఏళ్లు. ఎన్ని విమానాలెక్కి ఎన్ని గాలివానలు దాటాడో, చివరికి పోయింది మాత్రం నేల మీదే, తన విచిటాలోనే.

కంపెనీ పగ్గాలు ఆలివ్ ఆన్ తీసుకుంది. అమెరికాలో పెద్ద విమాన కంపెనీకి అధిపతి అయిన మొదటి మహిళ ఆమె. ఆమె హయాంలోనే 1964లో కింగ్ ఎయిర్ వచ్చింది. మన దేశంలో కొన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఎక్కి తిరిగే చిన్న విమానం అదే. 1980లో కంపెనీని రేథియన్ అనే సంస్థకు అప్పగించింది. 1993లో కన్నుమూసింది. పైలట్ల మధ్య అన్నేళ్లు బతికి కూడా ఆమె విమానం నడపడం నేర్చుకోలేదు.

మన బళ్లో చదివి ఇంజనీరింగ్ అయ్యాక పిల్లలు ఎమ్మెస్ కోసం వెళ్లే అమెరికా విశ్వవిద్యాలయాల్లో విచిటా స్టేట్ ఒకటి. తెలుగు పిల్లలు అక్కడ బాగానే ఉన్నారు. ఆ ఆవరణలో గాలి సొరంగం ఒకటి ఉంది. విమానం నమూనాను నిలబెట్టి, పంకాతో గాలి వదిలి, రెక్క ఎక్కడ పట్టు వదులుతుందో కొలిచే గది. దానికి పెట్టింది వాల్టర్ బీచ్ పేరే. మన పిల్లలెవరైనా ఆ ఊళ్లో ఉంటే, ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని దాన్ని చూసి, రాబోయే సంచికకు నాలుగు పేజీలు రాసి పంపమని కోరుతున్నాను.